కాపీ, ప్లేజరిజం, ఏఐ రాత: విద్యార్థి తప్పు ఎక్కడ మొదలవుతుంది?

"థీసిస్‌లో సిమిలారిటీ (పాత రాతలతో పోలిక) 18 శాతం వచ్చింది, రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారా?" "అసైన్‌మెంట్ నేనే రాశాను. ఏఐ రాసిందని రిపోర్ట్ వచ్చింది, ఇప్పుడెలా?" "ఇంగ్లిష్ సరిచేయమని చాట్‌జీపీటీకి ఇస్తే అది కూడా కాపీయేనా?" విద్యార్థుల నుంచి, వాళ్ల అమ్మానాన్నల నుంచి తరచూ వినిపిస్తున్న ప్రశ్నలివి. మూడూ ఒకేలా అనిపిస్తాయి గానీ మూడింటికీ నియమాలు వేరు, రుజువులు వేరు, శిక్షలూ వేరు. అన్నిటినీ ‘కాపీ’ అని ఒకే గాటన కట్టేయడం వల్ల రెండు రకాల అన్యాయం జరుగుతోంది. తెలియక తప్పు చేసిన పిల్ల పెద్ద నేరం చేసినట్టు కమిటీ ముందు తలదించుకుని నిలబడుతోంది. డబ్బిచ్చి ప్రాజెక్ట్ మొత్తం రాయించుకున్నవాడు సున్నా శాతం రిపోర్టుతో దర్జాగా బయటపడుతున్నాడు.

అందుకే ముందు ఈ తప్పులను విడదీసి చూద్దాం.

నాలుగు తప్పులు, నాలుగు రకాల రుజువులు

మొదటిది అందరికీ తెలిసిందే: పరీక్ష హాల్లో చూసి రాయడం. ఒకప్పుడు స్లిప్పులు, అరచేతి మీద రాతలు. ఇప్పుడు ఫోన్లు, స్మార్ట్ వాచీలు, చెవిలో కనిపించనంత చిన్న బ్లూటూత్ ఇయర్‌పీసులు. పరికరం మారింది గానీ తప్పు స్వభావం మారలేదు. రుజువు కూడా చేతికి దొరుకుతుంది. ఇన్విజిలేటరో స్క్వాడో పట్టుకుంటే మాల్‌ప్రాక్టీస్ కేసు రాస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీని మీద 1997లోనే ప్రత్యేక చట్టం చేసింది.

రెండోది పేపర్ లీక్. ఇందులో అసలు పాత్రధారులు ఎక్కువసార్లు విద్యార్థులు కారు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ పదో తరగతి పరీక్షల మొదటి రోజే, పరీక్ష మొదలైన కాసేపటికి తాండూరులో తెలుగు ప్రశ్నపత్రం ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. ఆ ఫొటోని బయటికి పంపింది పెద్దవాళ్లు, టెన్షన్‌తో నిద్రపోనిది పిల్లలు. నీట్ గొడవ నడుస్తున్న సమయంలో, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం కూడా ఈ తేడాని గుర్తించింది. వ్యవస్థీకృతంగా లీక్ చేసేవాళ్లకు 5 నుంచి 10 ఏళ్ల జైలు, కనీసం కోటి రూపాయల జరిమానా పెట్టింది. అభ్యర్థులను మాత్రం ఆ చట్టం పరిధిలోకి తేలేదు, పరీక్ష పెట్టే సంస్థల సొంత నిబంధనలకే వదిలేసింది.

మూడోది ప్లేజరిజం. వేరొకరి వాక్యాన్నో, ఆలోచననో, డేటానో, బొమ్మనో తీసుకుని, ఎక్కడి నుంచి తెచ్చామో చెప్పకుండా మనదన్నట్టు చూపడం. తీసుకోవడం తప్పు కాదు. పరిశోధన అంతా ముందువాళ్ల పని మీద నిలబడేదే కదా. చెప్పకపోవడమే తప్పు. ఇక్కడ రుజువు పోలిక: ఇది ఫలానా చోట ముందే ఉంది అని చూపగలగాలి.

నాలుగోది మరొకరితో రాయించుకోవడం. దీనికి ‘కాంట్రాక్ట్ చీటింగ్’ అనే పేరు 2006లో బ్రిటన్ పరిశోధకుల నుంచి వచ్చింది. మన దగ్గర మాత్రం ఈ పని పేరు లేకుండానే చాలాకాలంగా నడుస్తోంది. అమీర్‌పేట చుట్టుపక్కల ‘ప్రాజెక్ట్ సపోర్ట్’ అని గోడల మీద కనిపించే కాగితాలు ఇంజినీరింగ్ చదివిన ప్రతివాళ్లకీ తెలుసు. కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒకే ప్యాకేజీలో దొరుకుతాయి. రాసిచ్చినవాళ్లు కొత్తగా రాసిస్తే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్‌కి ఏమీ దొరకదు. అన్నిటికన్నా పెద్ద మోసం అన్నిటికన్నా శుభ్రమైన రిపోర్టుతో వస్తుంది. ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో ఇలాంటి సేవలు అమ్మడాన్ని నేరం చేశాయి. అక్కడ కూడా చట్టం గురిపెట్టింది అమ్మేవాళ్ల మీదే, కొనే విద్యార్థి సంగతి యూనివర్సిటీలే చూసుకుంటాయి.

మరి ఏఐ ఈ నాలుగింటిలో ఎక్కడుంది? 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి యూనివర్సిటీలు తలలు పట్టుకుంటున్నది ఇక్కడే. అది రాసిన వాక్యం చాలావరకు ఎక్కడి నుంచీ నేరుగా ఎత్తినది కాదు కాబట్టి మూడో రకంలో సరిగ్గా ఇమడదు. వేరే మనిషి రాయలేదు కాబట్టి నాలుగో రకమూ పూర్తిగా కాదు. అయినా ఫలితం మాత్రం నాలుగోదానికే దగ్గర: మార్కులు పడాల్సిన పనిని విద్యార్థి కాకుండా వేరొకటి చేసింది.

మన దగ్గర మార్కులు తెచ్చిన పనే బయట తప్పు ఎలా అయింది

ఈ విషయం మీద చర్చల్లో అందరూ దాటేసిపోయే చోటు ఇదని నా అభిప్రాయం. ఒక పిల్లవాడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏం నేర్చుకున్నాడో చూడండి. గైడ్‌లో ఉన్న జవాబు ఉన్నది ఉన్నట్టు రాస్తే ఐదుకి ఐదు. సొంత మాటల్లో రాస్తే "పాయింట్లు మిస్సయ్యాయి" అని మూడు. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ దగ్గర తెచ్చి ఎయిమ్, అపరేటస్, ప్రొసీజర్ వరసగా దించేయడం. రీడింగులు కూడా అవే. సార్ సంతకం, స్టాంపు. ఇంజినీరింగ్‌లోకి వచ్చాక మిడ్ పరీక్షల అసైన్‌మెంట్ క్లాసులో ఒకరు రాస్తే అరవై మంది దించుకోవడం. ఇదంతా దొంగచాటుగా జరిగేది కాదు. కాలేజీకి తెలుసు, ఇంట్లో తెలుసు.

పదకొండేళ్లు ఇలా పెరిగిన విద్యార్థి ఎంఎస్‌కి అమెరికా వెళ్తాడు. మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ హోంవర్క్. రూమ్మేట్ కోడ్ తీసుకుని వేరియబుల్ పేర్లు మార్చి సబ్మిట్ చేస్తాడు. 1994లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో తయారైన మాస్ అనే ప్రోగ్రామ్ అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగాల్లో బాగా వాడుకలో ఉంది. అది వేరియబుల్ పేర్లను పట్టించుకోదు, కోడ్ కట్టిన తీరును పోలుస్తుంది. నాలుగు రోజుల్లో ఇద్దరికీ మెయిల్ వస్తుంది. ఇచ్చినవాడికీ, తీసుకున్నవాడికీ ఒకే కేసు. ఇచ్చినవాడు కూడా దోషి ఎందుకయ్యాడో వాళ్లిద్దరికీ అర్థం కాదు. ఇంటి దగ్గర దాన్ని సాయం అనేవాళ్లు, చెయ్యకపోతే స్వార్థపరుడనేవాళ్లు.

అక్కడ దెబ్బ గ్రేడుతో ఆగకపోవచ్చు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థిని యూనివర్సిటీ సస్పెండ్ చేసినా, పంపించేసినా ఆ సంగతి సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ డేటాబేస్) రికార్డులోకి ఎక్కించాల్సిందే. అంటే ఒక హోంవర్క్‌తో మొదలైన కథ చదువుకుంటూ ఆ దేశంలో ఉండే హక్కు దాకా పోవచ్చు. వెనకాల ఇంటి మీద తెచ్చిన ఎడ్యుకేషన్ లోన్ ఉంటుంది.

దీనికి ఎదురుమాట కూడా ఉంది, అది కొట్టిపారేసేది కాదు. "తెలియదు అనడం ఎంతకాలం? చేరిన మొదటి వారంలోనే అకడమిక్ ఇంటెగ్రిటీ మీద ఓరియెంటేషన్ ఇస్తారు, సంతకం పెట్టించుకుంటారు, ప్రతి సిలబస్‌లో రాస్తారు" అని ప్రొఫెసర్లు అంటారు. నిజమే. ఒక గంట ఓరియెంటేషన్ పదకొండేళ్ల అలవాటుని మార్చగలదా అన్నదీ నిజమైన ప్రశ్నే. అందుకే చాలా యూనివర్సిటీలు మొదటి తప్పుకి కోర్సు చేయించి వదలడం, రెండోదానికి కఠినంగా పోవడం అనే పద్ధతి పెట్టుకున్నాయి.

సిమిలారిటీ సాఫ్ట్‌వేర్ నిజంగా ఏం చూస్తుంది

టర్నిటిన్, డ్రిల్‌బిట్ వంటి సాఫ్ట్‌వేర్లు ప్లేజరిజాన్ని పట్టుకుంటాయని అందరూ అంటారు. అవి పట్టుకునేది పోలికని మాత్రమే. మన రాతను చిన్న చిన్న పదాల వరసలుగా విడగొట్టి, తమ దగ్గరున్న వెబ్ పేజీలు, జర్నళ్లు, పాత థీసిస్‌లతో సరిచూసి, ఎంత భాగం కలిసిందో శాతంలో చెప్తాయి. అది దొంగతనమా, సరిగ్గా కోట్ చేసిన మాటా అన్నది మనిషి చూసి తేల్చాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పుస్తకంలో ఈ వాక్యం ఉందనుకోండి: "ఆనకట్ట రాకముందు గోదావరి డెల్టాలో ఒక ఏడాది వరద ముంచితే మరో ఏడాది కరువు చంపేది, కాలువలు తవ్వాకే రైతుకి రెండో పంట మీద ఆశ కలిగింది."

మొదటి విద్యార్థి దాన్ని అలాగే దించాడు. సాఫ్ట్‌వేర్ వెంటనే రంగు పూస్తుంది.

రెండో విద్యార్థి ఇలా రాశాడు: "ఆనకట్ట నిర్మాణానికి పూర్వం గోదావరి డెల్టా ప్రాంతంలో ఓ సంవత్సరం వరదలు ముంచెత్తగా ఇంకో సంవత్సరం క్షామం ప్రాణాలు తీసేది, కాల్వల తవ్వకం తరువాతే కర్షకునికి రెండవ పంటపై నమ్మకం చిక్కింది." పదాలు చాలావరకు మారాయి. ఆలోచన, వరస, వాక్యం నడక అన్నీ ఆ రచయితవే, పేరు మాత్రం లేదు. ఇది ప్లేజరిజమే. పదాల వరసలు పోల్చే సాఫ్ట్‌వేర్‌కి ఇది చిక్కే అవకాశం తక్కువ.

మూడో విద్యార్థిని ఇలా రాసింది: "నీరు ఎక్కువైనా తక్కువైనా నష్టపోయే డెల్టా రైతు స్థితిని 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మార్చిందని ఫలానా రచయిత అంటారు. అయితే ఆయన చెప్పిన రెండో పంట డెల్టా చివరి భూములకు ఎప్పుడు అందిందో ఆ పుస్తకంలో లేదు." ఇందులో అరువు ఉంది, ఎవరి దగ్గర తెచ్చిందో ఉంది, ఆమె సొంత ప్రశ్న ఉంది. ఉపాధ్యాయుడు మార్కులు వేయాల్సింది ఆ ప్రశ్నకే.

తెలుగులో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మన మాటకు విభక్తి, సంధి అతుక్కుని ఉంటాయి కాబట్టి ‘రైతుకి’ని ‘రైతునకు’ చేస్తే చాలు, యంత్రానికి కొత్త పదమైపోతుంది. అంతకన్నా పెద్ద సమస్య ఫాంట్లది. అను వంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన థీసిస్‌లు యూనికోడ్ కావు. కంటికి తెలుగులాగే కనిపిస్తాయి, కంప్యూటర్‌కి అర్థం లేని గుర్తుల గుంపులా కనిపిస్తాయి. స్కాన్ చేసి పెట్టినవైతే ఒట్టి బొమ్మలే. దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో తెలుగు పరిశోధన కనిపించినంత మాత్రాన, దాన్ని కాపీ చేస్తే దొరుకుతుందని అనుకోలేం. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి మార్చి తనదని పెట్టుకున్నా అంతే.

యూజీసీ శాతాలు: 18 శాతానికి ఏమవుతుంది

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో తెచ్చిన రెగ్యులేషన్స్ పోలికను నాలుగు స్థాయిలు చేశాయి. 10 శాతం దాకా సున్నా స్థాయి, శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఒకటో స్థాయి, ఆరు నెలలు మించని గడువులో సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కాబట్టి మొదట్లో అడిగిన 18 శాతం ప్రశ్నకి జవాబు: ఆ స్థాయిలో రద్దు ఉండదు, సవరించి ఇవ్వమంటారు. అది కూడా ముందుగా విభాగం స్థాయి ప్యానెల్, తర్వాత సంస్థ స్థాయి ప్యానెల్ పరిశీలించాకే. మూలం చెప్పి కోట్ చేసినవి, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాల్లోని మాటలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు.

చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. ఈ రెగ్యులేషన్స్ పీజీ, పరిశోధన స్థాయి డిగ్రీల కోసం ఇచ్చే థీసిస్, డిసర్టేషన్ లాంటి వాటికీ, ప్రచురణలకూ వర్తిస్తాయి. క్లాసు అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, జవాబు పత్రాలను అవి స్పష్టంగా మినహాయించాయి. బీటెక్ మేజర్ ప్రాజెక్టుకి "యూజీసీ రూల్ ప్రకారం 10 శాతం" అని ఎవరైనా చెప్తే, అది ఆ కాలేజీ తనకు తాను పెట్టుకున్న నియమమే.

ఇప్పుడు శాతం ఎలా మోసపుచ్చుతుందో లెక్క వేసి చూద్దాం. యాభై వేల పదాల థీసిస్. 9 శాతం పోలిక అంటే 4,500 పదాలు. ఆ 4,500 పదాలూ ఫలితాల అధ్యాయంలో, ఒకే పాత థీసిస్ నుంచి వచ్చాయనుకుందాం. అంటే పరిశోధన గుండెకాయే ఎవరిదో. స్థాయి చూస్తే సున్నా. ఇంకో థీసిస్‌లో 14 శాతం, అంటే ఏడు వేల పదాలు. అవి ప్రశ్నావళి, నిర్వచనాలు, అందరూ ఒకేలా రాసే పరిశోధనా పద్ధతి వివరాలు, వందచోట్ల చిన్న చిన్న ముక్కలుగా ఉన్నాయి. ఇది ఒకటో స్థాయి, వెనక్కి పంపిస్తారు. సారాంశం, పరికల్పన, ఫలితాలు, ముగింపుల్లో అసలు పోలికే ఉండకూడదని, యాదృచ్ఛికంగా వరసగా కలిసే 14 పదాల దాకా మాత్రమే మినహాయింపని అవే రెగ్యులేషన్స్ చెప్తాయి. కానీ శిక్షల పట్టిక నడిచేది శాతం మీద. ఎవరైనా తీరిగ్గా రిపోర్ట్ తెరిచి, ఏ పేజీలో ఏ రంగు ఉందో చూస్తే తప్ప మొదటి థీసిస్ పట్టుబడదు.

పరిశోధకులు శాతాన్ని తగ్గించుకోవడానికి జిరాక్స్ సెంటర్లకీ, ఆన్‌లైన్ సర్వీసులకీ డబ్బులిచ్చి పదాలు మార్పించుకోవడం కూడా ఈ అంకె మీద పెట్టిన గురి వల్లే మొదలైంది. చక్కగా ఉన్న వాక్యాన్ని వంకర చేసి తెచ్చుకుంటున్నారు. మూలం పేరు రాస్తే సరిపోయే చోట.

ఏఐ డిటెక్టర్ చెప్పేది అంచనా మాత్రమే

సిమిలారిటీ రిపోర్టులో కనీసం "ఇదిగో అసలు, ఇదిగో నకలు" అని పక్కపక్కన పెట్టి చూపవచ్చు. ఏఐ డిటెక్టర్‌కి అసలు అంటూ ఏదీ లేదు. అది చూసేది ఒక్కటే: తర్వాత ఏ పదం వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు? వాక్యాలు ఎంత ఒకే తీరుగా ఉన్నాయి? అతి నున్నగా, ఊహకు అందేలా ఉంటే యంత్రం రాసి ఉండొచ్చని అంచనా వేస్తుంది.

ఊహకు అందేలా రాసేది యంత్రం ఒక్కటే కాదు. ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకున్నవాళ్లు తెలిసిన కొద్ది పదాలతో, క్లాసులో నేర్పిన మూసలో జాగ్రత్తగా రాస్తారు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ కోసం విదేశీ విద్యార్థులు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను ఏఐ రాసిందని అవి తప్పుగా చెప్పాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల దగ్గర ఆ ఇబ్బంది పెద్దగా రాలేదు. తెలుగు మీడియంలో చదివి, కష్టపడి ఇంగ్లిష్ పట్టుకుని, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన అమ్మాయి ఆ 91 వ్యాసాలు రాసినవాళ్ల లాంటిదే. ఆమె రాతలో పొరపాట్లు తగ్గేకొద్దీ అనుమానం పెరగడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సొంతంగా తెచ్చిన డిటెక్టర్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ సంస్థ పరీక్షల్లోనే అది ఏఐ రాతలో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషుల రాతలో 9 శాతాన్ని తప్పుపట్టింది. 2023 జనవరిలో వచ్చింది, జూలైలో పోయింది. టర్నిటిన్ తన డిటెక్టర్ తప్పుపట్టేది 1 శాతం కన్నా తక్కువేనని చెప్పింది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆ మాట మీదే లెక్క వేసుకుంది: 2022లో తమ దగ్గర 75,000 పేపర్లు సబ్మిట్ అయ్యాయి, అందులో 1 శాతం అంటే 750. అంతమందిని అన్యాయంగా నిలబెట్టలేమని 2023 ఆగస్టులో ఆ సదుపాయాన్ని ఆపేసింది.

చిన్న శాతం పెద్ద తేడా ఎలా చేస్తుందో ఊహాజనిత అంకెలతో చూద్దాం. వెయ్యి అసైన్‌మెంట్లు, అందులో వంద ఏఐతో రాసినవి. డిటెక్టర్ వాటిలో 80 పట్టుకుంది. మిగిలిన 900 నిజాయితీ పేపర్లలో 2 శాతాన్ని, అంటే 18ని తప్పుపట్టింది. మొత్తం 98 మందికి నోటీసు. వాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరు ఏ తప్పూ చేయనివాళ్లు. ఇదే డిటెక్టర్‌ని మంచి క్లాసులో వాడి చూడండి: వెయ్యిలో ఇరవై మందే ఏఐ వాడారు. 16 మంది దొరుకుతారు. మిగతా 980లో 2 శాతం అంటే సుమారు 20 మంది అమాయకులు. క్లాసు ఎంత నిజాయితీగా ఉంటే నోటీసులందుకున్నవాళ్లలో నిర్దోషులు అంత ఎక్కువ. డిటెక్టర్ 98 శాతం కచ్చితమని ప్రకటనలో చదివినవాళ్లకి ఈ లెక్క తట్టదు.

అలాగని మనిషి కన్ను నమ్మదగినదా అంటే అదీ కాదు. 2023లో టెక్సస్‌లో ఒక అధ్యాపకుడు విద్యార్థుల వ్యాసాలను చాట్‌జీపీటీలోనే పేస్ట్ చేసి "ఇది నువ్వు రాశావా" అని అడిగాడు. అది అవునంది. గతంలో ఎవరికేం రాసిచ్చిందో తేల్చి చెప్పే శక్తి దానికి లేదు, అయినా కొందరి డిగ్రీలు కొంతకాలం ఆగాయి. ఇంకోవైపు బ్రిటన్‌లోని రెడింగ్ యూనివర్సిటీ పరిశోధకులు 33 మంది ఉత్తుత్తి విద్యార్థుల పేర్లతో ఏఐ రాసిన ఆన్‌లైన్ జవాబులను దిద్దేవాళ్లకి తెలియకుండా కలిపారు. 94 శాతం జవాబులను ఎవరూ అనుమానించలేదు. వాటికి సగటున నిజమైన విద్యార్థుల కన్నా ఎక్కువ మార్కులే పడ్డాయి. 2024లో వచ్చిన ఈ ఫలితం చూస్తే డిటెక్టర్లు కావాలనేవాళ్ల ఆందోళన కూడా అర్థమవుతుంది. యంత్రాన్ని పక్కన పెడితే ఏమీ దొరకదు, నమ్మితే నిర్దోషి దొరుకుతాడు.

మన దేశంలో ఈ తగాదా కోర్టు మెట్లెక్కింది. ఓ.పి. జిందాల్ గ్లోబల్ యూనివర్సిటీలో ఒక ఎల్‌ఎల్‌ఎం విద్యార్థి జవాబు పత్రం 88 శాతం ఏఐ రాసిందని ఫెయిల్ చేశారు. రాసింది నేనేనని అతను 2024లో పంజాబ్, హరియాణా హైకోర్టుకి వెళ్లాడు. కేసు నడుస్తుండగానే యూనివర్సిటీ అతన్ని పాస్ చేసింది, దాంతో పిటిషన్ ముగిసిపోయింది. డిటెక్టర్ శాతం ఒక్కటే రుజువుగా నిలుస్తుందా అన్నది ఆ కేసులో తేలలేదు.

మొదట్లో అడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఏఐ రాయలేదని తిరుగులేకుండా రుజువు చేయడం ఎవరికైనా కష్టం. కానీ తాను రాశానని చూపే ఆనవాళ్లు ఉంటాయి: గూగుల్ డాక్స్‌లోనో వర్డ్‌లోనో నిలిచే పాత వెర్షన్లు, చేత్తో రాసుకున్న నోట్స్, చదివిన పేజీలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ విషయం మీద ఎదురుగా కూర్చుని మాట్లాడగలగడం. విచారణ కమిటీలు శాతం కన్నా వీటికి ఎక్కువ విలువ ఇవ్వాలనే వాదన బలపడుతోంది. అది సరైనదని నేనూ నమ్ముతున్నాను.

ఎంతవరకు సాయం, ఎక్కడి నుంచి మోసం

ముగ్గురిని ఊహించుకుందాం. సౌజన్య వ్యాసం మొత్తం తనే రాసి, గ్రామర్ దిద్దమని చాట్‌జీపీటీకి ఇచ్చింది. రఫీ పాయింట్లు తను రాసుకుని, వాటిని పేరాలుగా అల్లమన్నాడు. కిరణ్ ప్రశ్న పేస్ట్ చేసి జవాబు తెచ్చుకున్నాడు. కిరణ్ తప్పు చేశాడని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మిగతా ఇద్దరి దగ్గరే జవాబు ఆ అసైన్‌మెంట్ దేనికి ఇచ్చారన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఎకనామిక్స్ పేపర్ అయితే సౌజన్య చేసింది సీనియర్‌తో ఒకసారి చదివించుకోవడం లాంటిదే. అదే ఇంగ్లిష్ రైటింగ్ కోర్సు అయితే, మార్కులు పెట్టింది గ్రామర్‌కే కాబట్టి, పరీక్ష యంత్రం రాసినట్టే. రఫీ విషయంలో వాదన సాగుతూనే ఉంది. ఆలోచన అతనిదే కదా అని కొందరంటారు. పాయింట్లను ఒకదానితో ఒకటి కలిపి వాదన చేయడమే ఆలోచన, ఆ పనే అతను వదిలేశాడని మరికొందరంటారు. నేను రెండో వైపే మొగ్గుతాను.

చాలా దేశాల స్కూళ్లలో కోర్సులు నడిపే ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ 2023లోనే చాట్‌జీపీటీని నిషేధించబోమని, వాడితే మిగతా మూలాల్లాగే చెప్పాలని ప్రకటించింది. చెప్పి వాడుకోవచ్చనే ఈ పద్ధతికి అభిమానులు ఎక్కువవుతున్నారు. మొత్తంగా వద్దనేవాళ్ల దగ్గర ఉన్న గట్టి వాదన నిజాయితీ గురించి కాదు, నేర్చుకోవడం గురించి. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లలతో లెక్కల క్లాసులో చేసిన పరిశోధన ఒకటుంది. మామూలు చాట్‌జీపీటీ లాంటిది ఇచ్చిన పిల్లలు ప్రాక్టీసులో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలెప్పుడూ అది లేని పిల్లల కన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన ఏఐ వాడిన పిల్లల్లో ఆ నష్టం దాదాపు కనిపించలేదు. అంటే ఒకే పరికరం, ఎలా అమర్చారన్న దాన్ని బట్టి రెండు రకాలుగా పనిచేసింది.

డిజిటల్ వచ్చాకే మోసం పెరిగిందా అని కూడా అడుగుతారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా హైస్కూళ్లలో పేర్లు అడగకుండా చేసిన సర్వేల్లో, ఏదో ఒక రకంగా చీట్ చేశామన్నవాళ్లు చాట్‌జీపీటీ రాకముందు 60 నుంచి 70 శాతం, వచ్చిన తర్వాతి ఏడాదీ ఇంచుమించు అంతే. గైడ్లు, స్లిప్పులు, సీనియర్ రికార్డులు చూసిన మనకు ఇది వింతేమీ కాదు. పెరిగింది సౌలభ్యం.

కాలేజీలు మారుస్తున్నవి, వాటికయ్యే ఖర్చు

చాలాచోట్ల పాత పద్ధతులే తిరిగొస్తున్నాయి. క్లాసులోనే కూర్చోబెట్టి చేత్తో రాయించడం, ఇంటి అసైన్‌మెంట్‌కి మార్కులు తగ్గించి వైవాకి పెంచడం, తుది ప్రతితో పాటు డ్రాఫ్టులు కూడా ఇమ్మనడం. కొందరు అధ్యాపకులు ప్రశ్ననే మారుస్తున్నారు. "భూగర్భ జలాలు తగ్గడానికి కారణాలు రాయండి" అంటే యంత్రం రెండు నిమిషాల్లో రాసేస్తుంది. "మీ వీధిలో మూడు బోర్ల లోతు కనుక్కుని, పదేళ్ల కింద ఎంత ఉండేదో అడిగి, తేడా ఎందుకొచ్చిందో రాయండి" అంటే విద్యార్థి ఇల్లు కదలాల్సిందే. అంకెలు కల్పించి రాసేవాళ్లు ఉంటారు, అయినా వైవాలో రెండు ప్రశ్నలకే ఆ సంగతి బయటపడుతుంది.

వీటిలో ఏదీ ఉచితం కాదు. చేత్తో వేగంగా రాయలేనివాళ్లకి, చూపు సరిగా లేనివాళ్లకి, స్క్రైబ్ అవసరమైనవాళ్లకి క్లాసు పరీక్ష ఇంటి అసైన్‌మెంట్ కన్నా కష్టం. భయస్తులు వైవాలో తెలిసింది కూడా చెప్పలేరు. టైమ్ సంగతి చూస్తే, సెక్షన్‌లో అరవై మంది, ఒక్కొక్కరికి పది నిమిషాల వైవా అంటే పది గంటలు. మూడు సెక్షన్లు చెప్పే అధ్యాపకురాలికి ఒక్క అసైన్‌మెంట్‌కే ముప్ఫై గంటలు, అది కూడా వారంలో చెప్పే క్లాసులకు అదనంగా. కొందరు లాటరీ తీసి ప్రతిసారీ పదిమందినే పిలుస్తున్నారు. ఎవరి పేరు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ చదువుకుని రావాలి. అలా చేస్తే మూడు సెక్షన్లకీ కలిపి ఐదు గంటల్లో పూర్తవుతుంది.